ప్రశ్నలమ్మ మొగుడి జవాబులు

మా ఆవిడ మొహం చూసి ఏమీ కనిపెట్టలేరు. పుట్టుకతో వచ్చింది కాదది, ఉద్యోగంతో వచ్చింది. పెళ్ళైన కొత్తలో నేను మెట్ల మీద జారిపడితే ముందు పకపకా నవ్వి, ఆ తర్వాత పరుగెత్తుకొచ్చి లేవదీసిన మనిషి. అలాంటి మనిషిని పెద్దవయసువాళ్ళ సర్వేలో చేర్చుకుని, ఎదుటివాళ్ళు ఏం చెప్పినా కనుబొమ్మ కదలకూడదని నేర్పారు. అడిగేవాళ్ళు "అయ్యో" అంటే చెప్పేవాళ్ళు ఇంకో నాలుగు నొప్పులు కలుపుతారట. "భేష్" అంటే ఉన్న నొప్పి దాచేస్తారట. అందుకని ఏమీ అనకూడదు. బాగానే ఉంది. కానీ సాయంత్రం ఇంటికొచ్చాక ఆ మొహం తీసి సంచితోపాటు కొక్కేనికి తగిలించాలని మాత్రం ఎవరూ నేర్పలేదు. ఇరవై ఏళ్ళ పైచిలుకుగా ఆ మొహంతోనే కాపురం చేస్తున్నాను.

నేను లిఫ్టులు బాగుచేసేవాణ్ణి. లిఫ్టు ఆగితే ఆగిందంటాం, తలుపు పడకపోతే పడలేదంటాం. ఈవిడతో అలా మాట్లాడటానికి వీల్లేదు. కూరలో ఉప్పెక్కువైందంటే, "తరచుగా అవుతోందా, అప్పుడప్పుడా, అరుదుగానా?" అంటుంది. నడుం విరిగిపోతోందని మూలిగితే, "కొద్దిగానా, ఒక మాదిరిగానా, తీవ్రంగానా?" అంటుంది. వేళాకోళమైతే నవ్వి ఊరుకుందును. నిజంగానే అడుగుతుంది, జవాబు చెప్పేదాకా చూస్తూ కూర్చుంటుంది. ఒకసారి ఒళ్ళు మండిపోయి, "తీవ్రంగా! నీ ప్రశ్నల వల్ల తీవ్రంగా!" అని అరిచాను. ఉలకలేదు, పలకలేదు. వేడినీళ్ళ సంచి తెచ్చి నడుం కింద పెట్టి వెళ్ళిపోయింది. మా వీధిలో ఆవిణ్ణి ప్రశ్నలమ్మ అంటారు. నన్ను ప్రశ్నలమ్మ మొగుడంటారు. జీవితమంతా లిఫ్టులతో కుస్తీపట్టినవాడికి దక్కిన బిరుదు ఇదీ.

ఆ సర్వే సంగతి చెప్పకపోతే ఈవిడ అర్థం కాదు. ఊళ్ళో ఇళ్ళన్నిటికీ చీటీలు వేసినట్టు వేసి కొన్ని ఇళ్ళు తీశారు. ఆ ఇళ్ళలో యాభై దాటినవాళ్ళని పట్టుకున్నారు. పట్టుకున్నవాళ్ళని ఇక చచ్చేదాకా వదలరు, చచ్చినా వదలరు. రెండేళ్ళకోసారి తలుపు కొడతారు. ఇల్లు మారితే కొత్త ఇంటికి వెళ్తారు, ఆస్పత్రిలో ఉంటే మంచం పక్కన కూర్చుంటారు. పోతే, పోయినవాళ్ళ తాలూకువాళ్ళని కూర్చోబెట్టి చివరి రోజులు ఎలా గడిచాయో అడుగుతారు. ఒకరు కాదన్నారని వాళ్ళ బదులు పక్కింటివాళ్ళని రాసుకోకూడదు. "నన్ను రాసుకోమ్మా, నాకు మోకాళ్ళ నొప్పులు ఆయనకంటే ఎక్కువ" అని పక్కింటాయన బతిమాలినా కుదరదు.

ఈవిడ సంచిలో ఒక బీపీ మిషను, టేపు, పిడికిలి బలం కొలిచే మీటరు, జవాబులు నొక్కే ట్యాబు ఉంటాయి. అది మొరాయిస్తే రాసుకోవడానికి కాగితాల కట్ట కూడా ఉంటుంది. మీటరు నొక్కించి, నాలుగడుగులు నడిపించి, కుర్చీలోంచి చేతులు ఆనకుండా లేవమంటారు. కిందటేడు పడ్డారా, రాత్రి నిద్ర పడుతోందా, ఒంటరిగా అనిపిస్తోందా, అన్నీ అడుగుతారు. ఆ జవాబులన్నీ ఈవిడ కడుపులో ఉన్నాయి. మా వీధిలో మిగతావాళ్ళ నోట్లో నువ్వుగింజ నానదు. ఈవిడ నోట్లో బండరాయి వేసినా బయటికి రాదు. ఎదురింటాయన పడక మీంచి పడ్డ సంగతి ఊరంతా నాకు చెప్పాక, "అవునటగా?" అని అడిగితే, "ఏమో" అంది. ఆ పడ్డాయన్ని ముందురోజే కూర్చోబెట్టి అడిగొచ్చిన మనిషి!

"ఇంతా చేసి ఏం కనిపెడతారు? ముసలితనంలో మోకాళ్ళు నొప్పెడతాయనా? దానికి కొండ తవ్వాలా?" అని ఉడికించేవాణ్ణి.

"ఒకసారి అడిగితే ఎవరు ముసలివాళ్ళో తెలుస్తుంది. మళ్ళీ మళ్ళీ అడిగితే ఎలా ముసలివాళ్ళయ్యారో తెలుస్తుంది," అనేది. "అదే మనిషి, అదే ప్రశ్న, అదే గొంతు. మారితే ఆ మనిషే మారాలండీ. అడిగేవాళ్ళం మేం మారకూడదు."

అందులో అన్నిటికంటే నా ప్రాణం తీసింది పది మాటల పరీక్ష. నది, మేకు, రాజు, గంప, వేలు... ఇలా పది మాటలు చదివి వినిపిస్తారు. గుర్తున్నవి చెప్పమంటారు. మధ్యలో వేరే ప్రశ్నలు అడిగి, కాసేపటికి "ఇందాకటి మాటలు మళ్ళీ చెప్పండి" అంటారు. అన్ని మాటలూ ఒకే వేగంతో, ఒకే గొంతుతో చదవాలి. ఆ వేగం పట్టుబడటానికి ఈవిడ వంటింట్లో సాధన చేసింది. కుళాయి చుక్కలు పడినట్టు నది, మేకు, రాజు అని. ఉద్యోగం కొత్తలోనే కాదు, ప్రతిసారి సర్వే మొదలయ్యేముందూ చేస్తుంది. వినలేక నేను రేడియో పెంచేవాణ్ణి.

ఇలాంటి మనిషికి మతిమరుపు మొదలైతే ఇంట్లో వాళ్ళకి ఎలా తెలుస్తుంది, చెప్పండి. "మాత్ర వేసుకున్నారా?" అని అడిగింది. వేసుకున్నానన్నాను. కాసేపయ్యాక మళ్ళీ "మాత్ర వేసుకున్నారా?" అంది. అడిగిందే మళ్ళీ అడగడం ఈవిడ వృత్తి కదా అని మళ్ళీ చెప్పాను. మూడోసారి అడిగితే, "నేనేమన్నా నీ సర్వేలో ముసలాణ్ణా?" అని కసిరాను. నెలల తరబడి ఇలాగే సాగింది. నేను విసుక్కుంటూనే ఉన్నాను తప్ప, ఇది అలవాటు కాదేమో అన్న అనుమానం నా బుర్రకి తట్టలేదు. పిడికిలి మీటరు బియ్యం డబ్బాలో దొరికిన రోజున తట్టింది.

ఆ తర్వాత ఒక సాయంత్రం చీకటి పడుతున్నా రాలేదు. ఫోనెత్తలేదు. వెతుక్కుంటూ వెళ్తే మా ఇంటికి రెండు వీధుల అవతల, బస్సు షెల్టరులో, సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. "ఇక్కడేం చేస్తున్నావే?" అన్నాను. "బస్సు కోసం," అంది. ఆ షెల్టరు నుంచి మా ఇంటి డాబా మీద ఆరేసిన దుప్పటి కనిపిస్తుంది. ఇంటికి నడిపించుకొచ్చాను. పొద్దున్న లేచాక ఆ ఊసే లేదు. నేనూ ఎత్తలేదు. నిజం చెప్పాలంటే భయమేసింది.

అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాను. "మతిమరుపు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు నాన్నా. బతిమాలకు, బీపీ చూపిద్దాం రమ్మను," అంది. తీసుకెళ్ళాను.

డాక్టరమ్మ మంచిదే. అలసిపోయి ఉంది, బయట బోలెడంతమంది ఉన్నారు, అయినా ఓపిగ్గా కూర్చోబెట్టింది. "పెద్దమ్మా, కొన్ని మాటలు చదువుతాను, విని మళ్ళీ చెప్తారా?" అంది. చదివింది. మా ఆవిడ పదీ చెప్పింది, వరసా తప్పలేదు. వందలోంచి ఏడేసి తీసేయమంటే ఎక్స్‌ప్రెస్ బండిలా తీసుకుంటూ పోయింది. కాసేపటికి ఇందాకటి మాటలు మళ్ళీ అడిగితే పదీ చెప్పింది. డాక్టరమ్మ పెన్ను కిందపెట్టి నవ్వింది.

"మీ ఆవిడ నాకంటే నయమండీ. ఈ వయసులో ఇంతబాగా చెప్పినవాళ్ళని చూళ్ళేదు. మీరు అనవసరంగా బెంగపడుతున్నారు."

నా మొహం ఎలా పెట్టుకోవాలో తెలియలేదు. బియ్యం డబ్బాలో మీటరు దాచింది నేనేనా? మతి పోయింది నాకా? బయటికొచ్చి బస్సెక్కాక కూడా అదే ఆలోచన. పక్క సీట్లో మా ఆవిడ కిటికీలోంచి చూస్తూ పెదాలు కదుపుతోంది. నది, మేకు, రాజు, గంప. అప్పుడు వెలిగింది నాకు. సర్వేవాళ్ళూ ఆస్పత్రివాళ్ళూ వాడేది ఒకటే పరీక్ష! డాక్టరమ్మ గొంతులో వింటే పోల్చుకోలేకపోయాను గానీ, వంటింట్లో ఇన్నేళ్ళు నా చెవులు తూట్లు పొడిచిన మాటలే అవి. మొన్న తిన్న కూర మర్చిపోతుందేమో గానీ ఆ పది మాటలు మర్చిపోతుందా? ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పాపం, డాక్టరమ్మ ఎంత?

"ఆ మాటలు నీకు కంఠతా వచ్చని డాక్టరుకి చెప్పొద్దూ?" అని బస్సులోనే అరిచాను. జనం తిరిగి చూశారు.

"ఆవిడ అడగలేదు," అంది.

"అడగకపోతే చెప్పవా?"

"అడగనిది చెప్పకూడదండీ."

తల ప్రాణం తోకకొచ్చింది. ఇంటికొచ్చి ఆస్పత్రికి ఫోన్ చేస్తే, ఈసారి పెద్ద పరీక్ష చెయ్యాలి, దానికి ఒక పూటంతా కావాలి, ఖాళీ వచ్చే నెలాఖరుకి గానీ లేదన్నారు. ఇంటి మనిషి గమనించినవి ఏమైనా ఉంటే తీసుకురమ్మన్నారు.

అప్పటిదాకా ఇంట్లో కూర్చోమని ఈవిడకి చెప్పి చూశాను. ఆ ఏడాది సర్వే సగంలో ఉంది. సగం ఇళ్ళు మిగిలే ఉన్నాయి.

"నేను మానేస్తే కొత్తమనిషి వస్తుంది," అంది. "కొత్తమనిషికి వాళ్ళు చెప్పరు. పావురాల తాతగారున్నారు చూశారూ, ఒంటరిగా ఉంటున్నారా అంటే మొదటిసారి తలుపేసుకున్నారు. మూడోసారికి చెప్పారు. ఆయన దగ్గరికి ఇప్పుడు ఎవర్ని పంపమంటారు?"

"దారి తెలిసినవాళ్ళని పంపమంటాను!" అనబోయాను. నాలుక కరుచుకున్నాను. షెల్టరు సంగతి ఈవిడకి తెలియదు కదా. నాకు మాత్రం రోజూ గండమే. బయల్దేరితే వెనకాలే వీధి చివరిదాకా వెళ్ళేవాణ్ణి. ఏదో కొనడానికొచ్చినట్టు నటించేవాణ్ణి. కావలసినవన్నీ కొనేశాక అక్కర్లేనివి కొనడం మొదలుపెట్టాను. ఇంట్లో సబ్బుల గుట్ట పడింది.

అలా సబ్బు కొంటున్న రోజునే పావురాల తాత కనిపించాడు. మూడో వీధిలో మేడ మీద ఒక్కడే ఉంటాడు, పావురాలకి గింజలు వేస్తుంటాడు కాబట్టి ఆ పేరు. నన్ను చూడగానే మొహం చేటంత చేసుకున్నాడు.

"మీ ఆవిడ బంగారమండీ! మొన్న వచ్చి అన్నీ అడిగి వెళ్ళింది. నిన్న మళ్ళీ వచ్చింది. మళ్ళీ మొదట్నించీ మొత్తం అడిగింది. నాకు పొద్దు పోయింది. ఇంకోటి చెప్పనా? మొన్న పది మాటల్లో నాలుగే గుర్తొచ్చాయి. నిన్న ఎనిమిది చెప్పేశాను! రేపు కూడా వస్తుందా?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ముసలాయనకి ఒక్క రోజులో జ్ఞాపకం రెట్టింపైంది! ఇన్నేళ్ళూ ఒక్కో జవాబునీ గాజుపాత్రలా మోసుకొచ్చిన మనిషి, తన చేత్తో తనే ఆ తాత లెక్క పాడుచేసింది. ఇంటికి వచ్చేదాకా కోపం ఎవరి మీదో నాకే తెలియదు. రాగానే సంచి కొక్కెం మీంచి లాగి బల్ల మీద పెట్టాను. ట్యాబు తీసి చూడమన్నాను. పావురాల తాత పేరుకి ఎదురుగా 'పూర్తయింది' అని ఉంది. సంచి అడుగున కాగితాల మీద అదే పేరుతో ఇంకో కట్ట ఉంది, ఈవిడ దస్తూరీలోనే.

"నిన్న ఇది తెరుచుకోలేదు," అంది ట్యాబు చూపించి. "పూర్తయిందని చూపిస్తోంది. చెడిపోయిందనుకుని కాగితం మీద రాశాను."

"మిషను చెడిపోలేదే," అన్నాను. బతుకంతా ఆ మాట ఎంతమందికి చెప్పి ఉంటానో! "మిషను బాగానే ఉంది."

రెండిటినీ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది. మొన్నటి నాలుగు మాటలు, నిన్నటి ఎనిమిది మాటలు. అరుస్తుందేమో, ఏడుస్తుందేమో అనుకున్నాను. అలాంటిదేమీ చెయ్యలేదు. కాగితాల కట్ట మీద అడ్డంగా గీత కొట్టి, 'పొరపాటున రెండోసారి' అని రాసి సంతకం పెట్టింది. ఆఫీసుకి ఫోన్ చేసి, మిగిలిన ఇళ్ళు వేరేవాళ్ళకి ఇవ్వమంది. ఎందుకని అవతలివాళ్ళు అడిగినట్టున్నారు. "నా జవాబుల మీద నమ్మకం లేదు," అంది. ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగింది.

"డాక్టరు దగ్గర నేను చెప్పినదానికీ విలువ లేదండీ. ముందే పేపరు చూసిన పరీక్ష అది. కూర్చోండి."

"ఎందుకు?"

"మనిషి తన గురించి తను చెప్పలేనప్పుడు ఇంట్లోవాళ్ళని అడిగే కాగితం ఒకటుంది. ఆస్పత్రివాళ్ళు తెమ్మన్నది అలాంటిదే. కూర్చోండి, రాస్తాను."

నాకు మళ్ళీ మండింది. "నీ గురించి నువ్వే అడుగుతావా? ఎక్కడైనా ఉందా? అమ్మాయిని రమ్మందాం, అదడుగుతుంది."

"అమ్మాయి ముందు మీరు తగ్గించి చెప్తారు."

కుర్చీ నా పక్కనుంచి తీసి ఎదురుగా వేసుకుంది. కళ్ళజోడు తుడుచుకుంది. ఇన్నేళ్ళ కాపురంలో ఈవిడ ఉద్యోగం చేస్తుండగా నేను చూడటం అదే మొదలు. గొంతు మారిపోయింది. నేనెవరో, తనెవరో అన్నట్టు చదివింది.

"ఈ ప్రశ్నలకి సరైన జవాబు, తప్పు జవాబు ఉండవు. మీకు అనిపించింది చెప్పండి. రెండేళ్ళ కిందటితో పోలిస్తే, ఈమధ్య జరిగిన సంగతులు గుర్తుంచుకోవడంలో మీ భార్య ఇప్పుడు మెరుగ్గా ఉన్నారా, అలాగే ఉన్నారా, తగ్గారా?"

నెలల తరబడి ఇదే మాట అందరి దగ్గరా మొత్తుకుంటున్నవాణ్ణి. డాక్టరు దగ్గర, అమ్మాయి దగ్గర, ఆఖరికి సబ్బులమ్మే కొట్టువాడి దగ్గర. ఇప్పుడు అడగవలసిన మనిషి అడిగేసరికి, "అలాగే ఉంది," అన్నాను.

రాయలేదు. తప్పని అనలేదు. ప్రశ్న మళ్ళీ మొదట్నించీ, అదే వేగంతో, ఒక్క అక్షరం మారకుండా చదివింది.

"ఎందుకే నన్నిలా చంపుతావు?" అన్నాను.

చూస్తూ కూర్చుంది.

"తగ్గింది," అన్నాను. "చాలా తగ్గింది."

రాసింది. వస్తువులు పెట్టిన చోటు, రోజులు, ఇంటి మనుషుల సంగతులు. ఒక్కోటీ అడిగింది. ఒక్కోటీ చెప్పాను. మాత్ర సంగతి, బియ్యం డబ్బా సంగతి. ప్రతి జవాబూ నాకు పంటికింద రాయిలా తగులుతోంది. ఈవిడ మాత్రం రాసుకుంటూ పోతోంది.

"బాగా తెలిసిన చోట మీ భార్య దారి తప్పిన సందర్భం ఉందా, లేదా?"

అబద్ధమాడితే మళ్ళీ చదువుతుంది. "ఉంది," అన్నాను.

పెన్ను ఆగింది. ఈవిడకి తెలియని జవాబు అదొక్కటే అయ్యుంటుంది. బస్సు షెల్టరు, చీకటి, ఒళ్ళో సంచి, అన్నీ గబగబా చెప్పబోయాను. ఇంత కాలం ఎందుకు దాచానో కూడా చెబుదామనుకున్నాను.

"ఉంది అంటే చాలండీ," అంది. రాసింది. ఆ రెండక్షరాలు రాయడానికి చాలాసేపు పట్టింది.

ఆఖరి పేజీ తిప్పింది. "ఇది చివరిది. మళ్ళీ వచ్చినప్పుడు మీ భార్య ఈ ఇంట్లో కనిపించకపోతే, ఎక్కడున్నారో తప్పకుండా తెలిసే మనిషి ఎవరు? వారి పేరు, ఫోన్ నెంబరు చెప్పండి."

"నేను," అన్నాను.

"పేరు?"

"నా పేరు నీకు తెలియదూ?" కోపంగానే అన్నాను. అన్నాక, నిజంగానే మర్చిపోయిందేమోనని మొహంలోకి చూశాను. ఈవిడ మొహం చూసి ఏమీ కనిపెట్టలేనని చెప్పాను కదా.

"తెలుసు. అడిగి రాయాలి," అంది.

పేరు చెప్పాను. ఆ ఫోను నాకు కొనిచ్చిందీ, ఆ నెంబరు నేను మర్చిపోతుంటే గోడ మీద రాసిపెట్టి నేర్పిందీ ఈవిడే. ఒక్కో అంకె నిదానంగా చెప్పాను. రాసుకుని, సరిగ్గా ఉందేమో చూడమని నాకు చదివి వినిపించింది. ఒక అంకె తప్పింది. చెప్పాను. కొట్టేసి, పైన సరిగ్గా రాసుకుంది.